రెండో సాక్షి

పోయిన నెల ఒక ఆదివారం ఉదయం శ్రావణి అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కరీంనగర్‌లో మేముండే వీధి చివర అద్దెకుంటారు వాళ్లు. ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది. నేను కాలేజీలో సమాజశాస్త్రం చెప్పి రిటైరైనదాన్నని ఎవరో చెబితే, తన డిసర్టేషన్ ఒకసారి చూసి పెట్టమని కాగితాలు పట్టుకొచ్చింది. బీడీలు చేసే ఆడవాళ్ల గురించి రాసింది. రెండు పేజీలు చదివేసరికి నాకు ఆశ్చర్యం వేసింది. అంత నున్నటి ఇంగ్లీషు నేను ఈ వయసులో కూడా రాయలేను. ఒక వాక్యం మీద వేలు పెట్టి, "దీన్ని తెలుగులో చెప్పమ్మా" అన్నాను. ఆ పిల్ల రెండుసార్లు చదువుకుంది. తల గోక్కుంది. "మేడం, గిది నేను ఫోన్ల ఏఐని అడిగితే గదే రాసిచ్చింది. మంచిగనే ఉన్నది గద?" అంది. మంచిగనే ఉంది, కానీ ఎవరి గురించి అని అడిగాను. "బీడీలు చేసేటోళ్ల గురించి. మా అమ్మ కూడ చేస్తది" అంది. మీ అమ్మకు ఇది చదివి చెప్పావా అంటే నవ్వింది. "అమ్మకెందుకు మేడం గివన్ని!"

నాకు నవ్వు రాలేదు. నాలుగు సలహాలు చెప్పి, టీ ఇచ్చి పంపించాను. ఆ పిల్లను తప్పుపట్టే అర్హత నాకుందా అని ఆ పగలంతా ఆలోచిస్తూ కూర్చున్నాను. ఎందుకంటే ఆ వయసులో నేను చేసింది దీనికన్నా చిన్న తప్పు కాదు. అది ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

మాది గోదావరి అవతల ఒక బొగ్గుబాయి కాలనీ. పేరు చెప్పి లాభం లేదు, అప్పటి క్వార్టర్లు ఇప్పుడు లేవు. మా బాపు మల్లయ్య బాయిలో టింబర్ పని చేసేవాడు. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కట్టె దుంగలు నిలబెట్టడం. మొదటి షిఫ్టు దిగి వచ్చి పెరట్లో బండ మీద కూర్చుంటే, మేము అవ్వ అని పిలిచే మా అమ్మ వేడినీళ్లు పోసేది. మొదటి చెంబుకు నల్లటి నీళ్లు, నాలుగో చెంబుకు బూడిద రంగు నీళ్లు పారేవి. ఎర్ర సబ్బు ఎంత రుద్దినా కంటి రెప్పల అంచున నలుపు పోయేది కాదు, కాటుక పెట్టుకున్నట్టే ఉండేది. అవ్వ బొగ్గుల పొయ్యిని ముందు వాకిట్లో రాజేసి, పొగ చచ్చాక లోపలికి తెచ్చేది. కాలనీలో అన్ని ఇళ్ల ముందు అదే పొగ. మా బట్టలకు, జుట్టుకు, పుస్తకాలకు ఆ వాసనే. కరీంనగర్ హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు నా పెట్టె తెరిస్తే పక్క మంచం పిల్లలు ముక్కు ఎగబీల్చేవాళ్లు.

తిన్న తరువాత బాపు గోడకు ఆనుకొని కూర్చుని, "పేపరు సదువు బిడ్డా" అనేవాడు. మందు పేలుళ్ల చప్పుడుకు ఎడమ చెవి దెబ్బతిన్నది. అందుకని కుడి చెవి నా దిక్కు తిప్పి, కళ్లు మూసుకొని వినేవాడు. ఆయన చిన్నప్పుడు బడికి పోలేదు. సంతకం చేయడం మాత్రం పెళ్లయ్యాక అవ్వ దగ్గర నేర్చుకున్నాడట. నాలుగు గంటలకు ఎదురు క్వార్టర్ రాజవ్వ చిన్నమ్మ వచ్చేది. ఆమె కంపెనీ ఆఫీసులో ఊడ్చే పని చేసేది. పని దిగి ఇంటికి పోకముందే మా గడపలో కూలబడి, "అక్కా, జర చాయ్ పొయ్యి" అనేది. ఆమె, అవ్వ, బాపు చాయ్ తాగుతూ కూర్చోవడం ఏళ్ల తరబడి రోజూ జరిగింది.

రాజవ్వ చిన్నమ్మ భర్త పోశం చిన్నాయన బాపుతో కలిసి ఒకే చోట పనిచేసేవాడు. బాపును అన్నా అని పిలిచేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా బాయిలో కప్పు కూలి చనిపోయాడు. కట్టె లేని చోటికి ఆయనే తొందరపడి పోయాడని కంపెనీ విచారణలో తేలిందని కాలనీలో చెప్పుకునేవాళ్లు. ఆ మాట ఎవరైనా అంటే బాపు, "ఉత్త మాటలు" అని లేచిపోయేవాడు. అంతకుమించి ఆ రోజు గురించి ఇంట్లో ఎన్నడూ మాట్లాడలేదు. మేమూ అడగలేదు.

డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఎం.ఏ.కు కరీంనగర్ వచ్చాను. మా ఇంటి నుంచి బస్సు లక్సెట్టిపేట, ధర్మపురి, జగిత్యాల మీదుగా పోయేది. కొండగట్టు దగ్గర బస్సులో అందరూ దండం పెట్టుకునేవాళ్లు. నేనూ పెట్టేదాన్ని, నాకు ఇంగ్లీషు రావాలని. తెలుగులో నాకు తిరుగులేదు. కాలనీలో సగం ఇళ్ల ఉత్తరాలు నేనే రాసేదాన్ని. ఇక్కడ క్లాసులో మొదటి వారం అర్థమైంది నా పేరు, అటెండెన్సు మాత్రమే. పుస్తకాలు ఇంగ్లీషువే, పరీక్ష ఇంగ్లీషులోనే. నెల తిరిగేసరికి సెమినార్ పేపర్ రాయమన్నారు. లైబ్రరీలో మూడు పుస్తకాలు ముందు పెట్టుకొని, మంచిగా కనిపించిన పేరాలన్నీ ఒకదాని కింద ఒకటి రాసుకొని, బట్టీపట్టి చదివాను. చదువంటే అదేననుకున్నాను. చిన్నప్పటి నుంచి అట్లాగే మార్కులు వచ్చాయి.

విఠల్ సార్ ఆ పేపర్ తిరిగిచ్చినప్పుడు మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో ఒకటే ప్రశ్న ఉంది: ఈ మాటలు ఎవరివి? క్లాసు ముందు ఏమీ అనలేదు. తరువాత తన గదికి పిలిచాడు. సార్‌ది ఆదిలాబాద్ సరిహద్దు పల్లె. మరాఠీ బడిలో చదివి, తెలుగు ఆ తరువాత నేర్చుకొని, ఇంగ్లీషు ఇంకా తరువాత పట్టుకున్న మనిషి. "దొంగతనం చేసినవని అంటలేను" అన్నాడు. "నీకు ఎవ్వరు చెప్పలేదు, అంతే. నాకు కూడ చెప్పలే." నేను ఏడుస్తూ, "నాకు ఇంగ్లీషుల సొంత మాటలు లేవు సార్" అన్నాను. ఆయన పుస్తకం తీసి ఒక పేరా చదివించి, మూసేయమన్నాడు. "ఇప్పుడు తెలుగుల చెప్పు. చెప్పలేకపోతే నీకు తెల్వనట్టే. చెప్తే, దాన్నే చిన్న చిన్న ఇంగ్లీషు ముక్కలల్ల రాయి. తప్పులు వస్తయి, రానియ్. ఎవరి మాట తీసుకుంటే వాళ్ల పేరు పెట్టు. గంతే."

ఏడాదిన్నర అదే పని. నెమ్మదిగా ఇంగ్లీషు దారికి వచ్చింది. దానితో పాటు పరిశోధన రాసే పద్ధతులూ వచ్చాయి. అందులో 'నేను' అనే మాట రాకూడదని నేర్చుకున్నాను. చేసినవాళ్ల పేరు లేకుండా జరిగిన పనిని మాత్రమే చెప్పే వాక్యాలు నేర్చుకున్నాను. అన్నిటికన్నా నాకు ముచ్చటగా అనిపించింది క్రియల సంగతి. తెలుగులో అందరూ చెప్తారు, అంటారు. ఇంగ్లీషులో ఆధారం ఉన్నవాడి మాటకు ఒక క్రియ, ఆధారం లేనివాడి మాటకు ఇంకొకటి. ఒక్క మాట మారిస్తే చాలు, ఎవరిని నమ్మాలో పాఠకునికి తెలిసిపోతుంది. అట్లాంటి క్రియలు ఒక నోట్‌బుక్ నిండా రాసి పెట్టుకున్నాను.

డిసర్టేషన్‌కు బాయి ప్రమాదాల్లో మగవాళ్లు పోయిన కుటుంబాల గురించి రాస్తానంటే విఠల్ సార్ సంతోషించాడు. కాలనీకి వచ్చి ప్రశ్నల కాగితాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాను. రాజవ్వ చిన్నమ్మ దగ్గర ఒక పూటంతా కూర్చున్నాను. ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చి చెప్పింది. "గా పొద్దు సద్ది గట్టిస్తుంటే కూడ అన్నడు బిడ్డా. కప్పు చప్పుడు జేస్తున్నది, కట్టెలు సాల్తలేవు అని. గంత భయమున్నోడు కట్టె లేని తావుకు తెలిసి తెలిసి ఎట్ల పోతడు? నా కొడుకులను బళ్లె, మీ అయ్య తప్పుకు సచ్చిండంటరు. నువ్వు పెద్ద సదువు సదువుతున్నవు. ఆయన తప్పు లేదని ఇంగ్లీషుల రాయి." రాస్తా చిన్నమ్మా అన్నాను. నిజంగా రాయాలనే అన్నాను.

తరువాత యూనియన్ ఆఫీసులో పాత కాగితాల్లో ఆ ప్రమాదం మీద విచారణ నివేదిక ప్రతి దొరికింది. టైపు కొట్టిన ఇంగ్లీషు. కట్టెలు నిలబెట్టని చోటికి మృతుడు తనంతట తానే వెళ్లడం వల్ల ప్రమాదం జరిగినట్లు రెండో సాక్షి వాంగ్మూలం ద్వారా నిర్ధారణ అయిందని అందులో ఉంది. సాక్షుల పేర్లు లేవు, నంబర్లే. చదివినప్పుడు నాకు బాధ కలిగిన మాట నిజమే. కానీ దానికన్నా ముందు, ఎంత చక్కటి వాక్యం అనిపించింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నేను ఆ వాక్యాన్ని డిసర్టేషన్‌లో పెట్టాను. ఈసారి దొంగతనం లేదు. ఎక్కడ నుంచి తీసుకున్నానో కింద పద్ధతి ప్రకారం రాశాను. నివేదిక మాటకు నిర్ధారించే క్రియ వాడాను. రాజవ్వ చిన్నమ్మ మాటకు, ఆమె అలా అంటున్నది గానీ ఆధారాలు లభించలేదు అనే అర్థమిచ్చే క్రియ వాడాను. విఠల్ సార్ ఆ అధ్యాయం చదివి, మార్జిన్‌లో 'ఇప్పుడు రాయడం వచ్చింది' అని రాశాడు. ఆ కాగితాలు సంచిలో పెట్టుకొని గాల్లో తేలుతున్నట్టు ఇంటికి వచ్చాను.

బాపు స్నానం చేసి, తిని, గోడకు ఆనుకున్నాడు. పేపర్ తీయబోతే, "గిది కాదు. నువ్వు రాసింది సదువు" అన్నాడు. అది ఇంగ్లీషు బాపూ అన్నా వినలేదు. చదివాను. కళ్లు మూసుకొని, పెదవుల మీద నవ్వుతో ఒక పేజీ అంతా విన్నాడు. "దొరల తీరుగ సదువుతున్నవ్" అన్నాడు. అవ్వ చాటలో బియ్యం ఏరుతూ మురిసిపోతోంది. "ఇగ మన మాటల చెప్పు" అన్నాడు. చెప్పాను. విఠల్ సార్ నేర్పినట్టే, ఒక్కొక్క వాక్యం. ఆ వాక్యం దగ్గర బాపు కళ్లు తెరిచాడు.

"రెండో సాక్షంటే ఎవలు?"

"పేరు లేదు బాపూ. నంబరే ఉన్నది."

"మొదటోడు మా మీదుండే సర్దార్. గా పొద్దు ఆడ ఇంకెవలున్నరు? నేనే గద."

"మరి నువ్వేం చెప్పినవ్ బాపూ?"

"పోశం నన్ను కట్టె తెమ్మన్నడు. నేను పోయిన. దుంగ భుజానికెత్తుకొని మర్లి వచ్చేటాళ్లకు కప్పు కూలింది. వాడు ముందలికి పోలే. నిలవడ్డకాడనే ఉన్నడు. గదే చెప్పిన. రాసుకున్నరు. రెండు దినాలకు ఇంగ్లీషుల కొట్టి తెచ్చి, నువ్వు చెప్పిందే రాసినం, సంతకం వెట్టు అన్నరు. వెట్టిన."

అవ్వ చేతిలో చాట కదలడం ఆగిపోయింది. "మరి రాజవ్వకు గిది ఎన్నడన్న చెప్పినవా?" అని అడిగింది. బాపు, "వాడు నన్ను కట్టెకు తోలబట్టే నేను బతికిన. గా మాట ఆమెకు ఏ మొకంతోని చెప్పాలె?" అన్నాడు. ఆ తరువాత నా వైపు తిరిగి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "ఊరందరిని అడిగినవ్. నన్నెందుకు అడగలే బిడ్డా?"

ఏం చెప్పను? ఆధారమంటే టైపు కొట్టి ఉండేదని నా బుర్రలో స్థిరపడిపోయింది. కళ్లు మూసుకొని నా ఎదురుగా కూర్చునే మనిషి ఆధారం అవుతాడని తట్టనే లేదు.

నాలుగు గంటలకు రాజవ్వ చిన్నమ్మ వచ్చి గడపలో కూర్చుంది. అవ్వ చాయ్ ఇచ్చింది. తనే చెప్తానని బాపు మాకు సైగ చేసి, ఎదురుగా కింద కూర్చున్నాడు. తలవంచుకొని మొత్తం చెప్పాడు. కట్టె తెమ్మన్నది, మర్లి వచ్చింది, సంతకం పెట్టింది. ఆయన ఆపాక ఆమె అంది.

"గిన్నేండ్లు నా ఎదురుంగ కూసోని చాయ్ తాగినవ్ బావా."

"గా కాయితంల ఏమున్నదో నాకు తెల్వదు రాజవ్వా. బిడ్డ మీద ఒట్టు."

"తెల్వకుంటే సంతకమెందుకు వెట్టినవ్?"

ఆమె గ్లాసు కింద పెట్టి, చెంగు దులుపుకొని, ఎదురింటికి పోయి తలుపేసుకుంది. ఆ తరువాత మా గడపలో చాయ్‌కి కూర్చోలేదు. అవ్వతో బోరింగు కాడ మాట్లాడేది, నన్ను పలకరించేది. బాపు ఎదురైతే పక్కకు తప్పుకునేది.

కరీంనగర్ తిరిగివచ్చి విఠల్ సార్‌కు అంతా చెప్పాను. డిసర్టేషన్ ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "కూతురు తండ్రి మాట రాస్తే ఎగ్జామినర్ ఊకుంటడా?" అన్నాడు. కొద్దిసేపటికి, మార్జిన్‌లో తను రాసిన మెచ్చుకోలును తనే కొట్టేశాడు. "రిపోర్టు మాట తీసెయ్యకు, ఉండని. పక్కనే మీ నాయన మాట పెట్టు. ముందు తెలుగుల రాయి. చదివి వినిపించు. తర్వాత ఇంగ్లీషుల రాసి, ఒక్కొక్క ముక్క ఆయనకు విప్పి చెప్పు. బరాబర్ ఉన్నదని ఆయన అన్నంకనే సంతకం."

మళ్లీ బస్సెక్కి పోయాను. బాపు మాట రాయడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. తెలుగులో సులువుగానే వచ్చింది. ఇంగ్లీషు దగ్గర బాపు ఆపాడు. పోశం కట్టె తెమ్మన్నాడన్న చోట నేను మొదట ఆజ్ఞాపించాడని రాశాను. "ఆర్డర్ కాదు బిడ్డా. వాడు నా మీద ఆర్డర్ ఎట్లేస్తడు? 'అన్నా, జర కట్టె తేపోవే' అన్నడు." సరే, కోరాడని రాశాను. దాన్ని విప్పి చెబితే బాపు తల అడ్డంగా ఊపాడు. అది కాదు అన్నాడు. ఉన్న ఇంగ్లీషంతా వెతికినా ఆ 'అన్నా', ఆ 'జర' నాకు దొరకలేదు. చివరికి ఆయనే రాజీపడ్డాడు. కాగితాన్ని మోకాలి మీద పెట్టుకొని, ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగుతూ సంతకం చేశాడు. నేను రాజవ్వ చిన్నమ్మ ఇంటికి పోయి, చదివి వినిపిస్తానన్నాను. తలుపు సందులో నుంచే, "నాకొద్దు బిడ్డా" అంది.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నేరుగా ఆ పేజీ తీశాడు. అధికారిక నివేదికను కాదనడానికి నీకున్న ఆధారమేమిటి అని అడిగాడు. దానికి బట్టీపట్టి పెట్టుకున్న జవాబు ఒక్క ముక్క కూడా గుర్తుకు రాలేదు. రాకూడదన్న 'నేను'తోనే మొదలుపెట్టాను. నేను ఆ రెండో సాక్షి కూతురును, ఆయనకు ఇంగ్లీషు రాదు, అందులో ఏం రాశారో ఆయనకు తెలియదు అన్నాను. భూతకాలం చెప్పాల్సిన చోట వర్తమానం వచ్చింది. ఎగ్జామినర్ నన్ను చూసి, పేజీ తిప్పి, ఇంకేదో అడిగాడు. మామూలు మార్కులు వచ్చాయి. బయటికి వచ్చాక విఠల్ సార్, "గ్రామర్ పోయింది. పోనీ" అన్నాడు.

బాపు అంతటితో ఊరుకోలేదు. నాతో అర్జీ రాయించి, ఉతికిన చొక్కా తొడుక్కొని, తనే కంపెనీ ఆఫీసుకు పట్టుకుపోయాడు. కొన్ని నెలలకు జవాబు వచ్చింది. ఇంగ్లీషులో రెండు వరుసలు. పాత విచారణ ముగిసిందని, తిరిగి తెరవడం కుదరదని. బాపు దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. "ఎవలు ముగించిండ్రో గందుల లేదా?" అని అడిగాడు. లేదు. ఆ వాక్యంలో ఎవరూ లేరు. అట్లాంటి వాక్యాలు రాయడం నేనూ ఇష్టంగానే నేర్చుకున్నాను.

తరువాత ఉద్యోగం వచ్చింది. ఏళ్ల తరబడి నాలాంటి పిల్లలకు అవే పద్ధతులు, అవే క్రియలు నేర్పాను. నేర్పకపోతే వాళ్లకు మార్కులు రావు, ఉద్యోగాలు రావు. ఒకటి మాత్రం చేశాను. ఎవరి గురించి రాస్తారో వాళ్లకు చదివి వినిపించి రమ్మనేదాన్ని. కొందరు వినిపించేవాళ్లు, ఎక్కువమంది వినిపించామని అబద్ధం చెప్పేవాళ్లు. ఇప్పటి పిల్లలకు ఎర్ర సిరా భయం లేదు, పెట్టె తెరిస్తే పొగ వాసన రాదు, ఇంగ్లీషు అడిగితే ఫోన్ ఇస్తుంది. మేము పడ్డ సిగ్గు వాళ్లు పడాలని నేను కోరుకోను. కానీ మేము కాపీ కొట్టినా చేత్తో రాసేవాళ్లం, ఎక్కడో ఒక మాట గుచ్చుకునే అవకాశముండేది. ఇప్పుడు ఆ కాస్త ఆలస్యం కూడా లేదు. తెలియని కాగితం మీద సంతకం పెట్టేది ఒకప్పుడు చదువురాని మా బాపు. ఇప్పుడు పెడుతున్నది చదువుకున్న పిల్లలు. ఆ ఆలోచన నన్ను పడుకోనివ్వడం లేదు.

బాపు రిటైరయ్యాక అవ్వ పుట్టిన ఊరు లక్సెట్టిపేటలో ఇల్లు కట్టుకున్నారు. అక్కడే పోయాడు. మూడో రోజు మధ్యాహ్నం, వచ్చినవాళ్లంతా వెళ్లాక, రాజవ్వ చిన్నమ్మ ఒక్కతే బస్సు దిగి వచ్చింది. బాగా ముసలిదైపోయింది. అవ్వను పట్టుకొని కాసేపు కూర్చుంది. తరువాత నన్ను పిలిచింది.

"బావ చెప్పింది రాసినవ్ గదా. ఉన్నదా?"

"ఉన్నది చిన్నమ్మా. తెలుగుది కూడ ఉన్నది."

"తెలుగుదే సదువు."

బాపు పెట్టెలో దాచిపెట్టిన తెలుగు నోట్‌బుక్ తెచ్చి, ఆమె పక్కన కూర్చుని మొదటి నుంచి చదివాను. బాయిలోకి దిగింది, కప్పు చప్పుడు చేసింది. 'అన్నా, జర కట్టె తేపోవే అని పోశం అన్నడు' అని చదవగానే ఆమె చెయ్యెత్తి ఆపింది. మళ్లీ చదవమంది. చదివాను.

"గదే" అంది. "గట్లనే అంటుండె. ఏం గావాల్నన్నా 'జర' అంటుండె."

చెంగుతో మొహం తుడుచుకోలేదు. కన్నీళ్లను అట్లాగే కారనిచ్చింది.

"ఇంకోపారి సదువు బిడ్డా."

చదివాను.